‘తిరిగి కుందేటికొమ్ము’: ఏ తిరిగి?

పూర్ణా మార్కెట్ వీధి: సింహాచలం సంపెంగల మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. మా చిన్నతనంలో పూర్ణా మార్కెట్లో గంపలకొద్దీ ఉండేవి. నిన్న మూడు అంగళ్లు తిరిగితే ఒక్క దొప్ప దొరికింది. అందుకని ‘సంపెంగ కుందేటికొమ్మైపోయింది’ అని రాస్తే మా అన్నయ్య తప్పు పట్టాడు. అరుదైన వస్తువుకు ఆ మాట వాడకూడదట. బడిలో నేర్చుకున్న ‘తివిరి ఇసుమున తైలంబు దీయవచ్చు’ పద్యంలో ‘వెదకి కుందేటికొమ్ము సాధింపవచ్చు’ అనే కదా ఉంది? వెదికితే దొరికేదే కదా! తరవాతి పాదం ‘చేరి మూర్ఖుని మనసు రంజింపరాదు’ గుర్తుంది, ఈ పాదం మొదటి మాట దగ్గరే అనుమానం.

తేటగీతి: ‘వెదకి’ కాదు, ‘తిరిగి’. భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి అలా రాసే అవకాశమే లేదు. మూడో పాదంలో నాలుగో గణం ‘ధింప’. దానికి యతి కుదరాలంటే పాదం తకార దకారాలతో మొదలవ్వాలి. ‘వె’కూ ‘ధిం’కూ ఏ మైత్రీ లేదు.

భీమిలి బాట: మా నాన్నగారు ‘తెలిసి కుందేటికొమ్ము’ అని చదివేవారు. ‘తె’కు ‘ధిం’తో యతి చెల్లుతుంది, గణం కూడా నగణమే. కాబట్టి ఛందస్సు ఒక్కదానితోనే తీర్పు చెప్పలేం.

తేటగీతి: చెల్లుతుంది, ఒప్పుకుంటాను. కానీ సంస్కృత మూలం చూడండి. ‘కదాచిదపి పర్యటన్ శశవిషాణమాసాదయేత్’. శశవిషాణం అంటే కుందేటికొమ్ము, పర్యటన్ అంటే తిరుగుతూ. తెలుసుకోవడానికి అక్కడ చోటు లేదు.

కంచరపాలెం పంతులు: ముప్పై ఏళ్లు ఈ పద్యం పాఠం చెప్పాను. ఏటా సగం తరగతి ‘తిరిగి’ అంటే ‘మళ్లీ’ అని రాసేది. ఒకసారి సాధించి పోగొట్టుకున్న కుందేటికొమ్మును రెండోసారి సంపాదించినట్టు! ఇక్కడ అది దేశాలు తిరగడం, కాళ్లరిగేలా తిరగడం. మన సంపెంగల ఆయన మూడు అంగళ్లు తిరిగినట్టు.

అసలు ఆ పద్యంలో గొప్పతనం పాదాల ఆరంభాల్లోనే ఉంది. తివిరి, తవిలి, తిరిగి, చేరి. మూలంలో ‘యత్నతః’, అంటే ప్రయత్నించి, అన్నదాన్ని ‘తివిరి’ అనే ఒక్క మాటలో పెట్టాడు. దాహంతో అలమటించేవాడిని ‘తవిలి’లో ఇమిడ్చాడు. పృథ్వీవృత్తంలో 68 అక్షరాలున్న శ్లోకం తెలుగులో 54 అక్షరాలకు దిగింది. లెక్కపెట్టి చూసుకోండి.

భీమిలి బాట: ఇమడనివి కూడా ఉన్నాయి పంతులుగారూ. ఇసుకను పిండడం, ఆ ‘పీడయన్’, తెలుగులో ఏదీ? ‘ప్రతినివిష్ట’ కూడా పోయింది. పట్టిన పట్టు విడవని మూర్ఖుడు ఉత్త మూర్ఖుడైపోయాడు. ఎలకూచి బాలసరస్వతి అనువాదం కూడా పక్కన పెట్టుకుని చదవాలి. ‘సురభిమల్లా నీతివాచస్పతీ’ అన్న మకుటానికే పాదంలో బోలెడు చోటు పోయినా ఆయన వృత్తాన్ని వృత్తంలోనే చెప్పాడు.

కంచరపాలెం పంతులు: బాలసరస్వతిని పండితులు చదివారు. లక్ష్మణకవి పద్యం అక్షరం రాని మా నాయనమ్మ నోట కూడా ఉండేది. ‘పిండి’ అనకపోయినా ‘తైలంబు దీయవచ్చు’ అనగానే గానుగ కళ్లముందు కనబడుతుంది. నాకు అది చాలు.

గాజువాక గృహిణి: అడిగినది సంపెంగ గురించి. మీ అన్నయ్యగారి మాటే సరైనదండీ. కుందేటికొమ్ము, గగనకుసుమం, గొడ్రాలి బిడ్డ, ఇవన్నీ లేనివాటి పేర్లు. ఒక్క దొప్ప దొరికినా సంపెంగ ఆ జాబితాలోకి రాదు. దానికి ‘నల్లపూస’ ఉంది. ‘ఏమ్మా, నల్లపూసైపోయావు’ అంటాం కదా. మా అత్తగారు చెప్పేవారు: మంగళసూత్రం తెగితే బంగారు గుండు మెరుపుకి దొరుకుతుంది, నల్లపూస మాత్రం నేలలో కలిసిపోతుంది. ఉంటుంది, కంటికి ఆనదు.

పూర్ణా మార్కెట్ వీధి: కానీ అమ్మా, కవి స్వయంగా ‘సాధింపవచ్చు’ అంటున్నాడు కదా!

తేటగీతి: మూర్ఖుడి మనసుతో పోల్చినప్పుడు మాత్రమే అన్నాడు. ఆ పోలిక తీసేస్తే కుందేలుకు కొమ్ము మొలవదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనకండి, ఇప్పటికే కొమ్ము దగ్గర ఆగిపోయాం.

భీమిలి బాట: మరొకటి మరిచిపోయారు: మేడిపువ్వు. అదీ నల్లపూస జాతిదే. మేడికి పువ్వు లేదనుకుంటాం గానీ, పువ్వులన్నీ కాయ లోపలే పూస్తాయి. బుద్ధుడు లోకంలో అవతరించడం ఉదుంబర పుష్పమంత అరుదని బౌద్ధులు అన్నారు. పాత బౌద్ధారామం ఉన్న తొట్లకొండ ఎక్కినప్పుడల్లా నాకు వాళ్ల ఇంకో పోలిక గుర్తొస్తుంది. వందేళ్లకోసారి నీటిపైకి వచ్చే గుడ్డితాబేలు, సముద్రంలో ఎటో తేలిపోతున్న ఒంటి రంధ్రపు కాడిలో మెడ దూర్చడం. చేజారిన మనిషి జన్మ మళ్లీ దొరకడం అంతకన్నా కష్టమట. ఆ కొండ మీద నిలబడి, కింద సముద్రాన్ని చూస్తూ ఆ మాట తలుచుకోండి. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తూనే ఉన్నాయి.

కంచరపాలెం పంతులు: పోలిక అద్భుతం. కానీ అచ్చతెలుగు ‘అరుదు’ ఉండగా ఇన్ని ఎందుకు? పాత కావ్యాల్లో అరుదు అంటే ఆశ్చర్యం కూడా. ‘అరిది’ దానికి చెల్లెలు, తమిళంలోనూ ‘అరిదు’ ఉంది. దుర్లభంలో కష్టమే వినబడుతుంది, అరుదులో సంతోషం కూడా ఉంది. సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఒక్క రోజు, వైశాఖ శుద్ధ తదియనాడు. మిగతా రోజులన్నీ చందనమే. దాన్ని దుర్లభం అంటే నాకు చాలదు, అరుదు అనాలి.

తేటగీతి: అక్కడ ‘అపురూపం’ అనాలి మాస్టారూ. అపూర్వ రూపమే అపురూపమైందని నా నమ్మకం. నిజరూపం పక్కన అంతకన్నా అందంగా ఏ మాట ఒదుగుతుంది?

కంచరపాలెం పంతులు: ‘అపూర్వం’ ఒక్కటే చాలు అపురూపం కావడానికి. రూపం వినబడుతోంది కదా అని రూపాన్ని తెచ్చి అతికిస్తే ఎలా?

తేటగీతి: వినబడుతోంది కనుకే ఆ మాట బతికింది. దీని మీద విడిగా రాస్తాను.

పూర్ణా మార్కెట్ వీధి: వ్యాసం సాయంత్రానికి ఇవ్వాలి. ప్రస్తుతానికి ‘సంపెంగ నల్లపూసైంది’ అని మార్చాను. ‘తిరిగి’ని ‘వెదకి’ అనుకున్నందుకు అన్నయ్యకు ఫోను చేసి ఒప్పుకున్నాను.

గాజువాక గృహిణి: మార్చే ముందు ఒక్క మాట. నల్లపూస మనిషికే చెల్లుతుందేమో అనిపిస్తోంది. పిలిస్తే రావలసినవాళ్లు రాకపోతే నిష్ఠూరంగా అనే మాట అది. పువ్వు మీద మనకేం నిష్ఠూరం?

భీమిలి బాట: సంపెంగ మీద నాకు ఉంది.