తాగుడు మానిన 40వ రోజున మైకు ఇవ్వవచ్చా?

శనివారం కూడిక నిర్వాహకుడు, గుంటూరు జిల్లా:

అందరికీ ప్రభువు నామమున వందనాలు. తాగుడు నుండి బయటపడాలనుకునే పురుషుల కొరకు మా సంఘంలో ఆరేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం ఒక కూడిక జరుపుతున్నాము. పదకొండేళ్ల క్రితం వరకు నేనూ తాగినవాడినే. ఇటీవల మా పెద్దల సమావేశంలో ఒక విషయం మీద మాట తెగలేదు కాబట్టి మీ ముందు పెడుతున్నాను. కొత్తగా తాగుడు మానిన వ్యక్తిచేత ఆదివార ఆరాధనలోనో, ఉజ్జీవ కూటాల వేదిక మీదనో సాక్ష్యం, అంటే దేవుడు తనను ఎలా మార్చాడో, అందరి ముందు చెప్పించడం సరియైనదేనా? చెప్పించవచ్చునంటే ఎన్నాళ్లు ఆగాలి?

నా అభిప్రాయాన్ని దాచుకోను. కనీసం ఒక ఏడాది గడవనిదే అతని చేతికి మైకు ఇవ్వకూడదు. మా కూడికకు వచ్చిన ఒక తమ్ముడు మానేసి 40 రోజులైందని తెలియగానే, ఉజ్జీవ కూటాల రెండవ రాత్రి అతన్ని వేదిక మీదికి పిలిచారు. అతను ఎంతో చక్కగా మాట్లాడాడు, జనం చప్పట్లు కొట్టారు, తెల్లవారేసరికి ఆ వీడియో ఊరిలోని ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఉంది. రెండు నెలల తరువాత బంధువుల ఇంట పెళ్లిలో అతను మళ్ళీ తాగాడు. తాగి పడిపోవడం మా కూడికలో కొత్త కాదు. పడినవాడు మరుసటి శనివారం వచ్చి తల వంచుకొని కూర్చుంటాడు, మేము అతని కుర్చీ అతనికి ఇస్తాము. ఈ తమ్ముడు మాత్రం రాలేదు. మా మందిరం ముందునుండి వెళ్లవలసి వస్తుందని రైసు మిల్లు వెనక దారి పట్టుకొని పనికి వెళ్లేవాడు. మేము అతని ఇంటికి వెళ్లినప్పుడు అతను చెప్పిన ఒక్క మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: “తాగినందుకు కాదన్నా, అంతమంది ముందు చెప్పి తాగినందుకు రాలేకపోతున్నాను.”

సంఘానికి అధ్యక్షునిగా ఉండవలసినవాడు “క్రొత్తగా చేరినవాడై యుండకూడదు” అని పౌలు తిమోతికి రాసిన మాట పదవికి మాత్రమే వర్తిస్తుందని కొందరంటారు. మన ఊళ్లలో వేదిక కూడా ఒక పదవే. మైకు పట్టుకున్నవాడిని మరుసటి వారమే యౌవనస్థుల కూడిక నడిపించమంటారు, ఆపై వారం పక్క ఊరికి ప్రసంగానికి పిలుస్తారు. ఇంకా రాత్రి నిద్ర కూడా సరిగా పట్టని మనిషి మీద ఇంత బరువు పెడుతున్నాము.

పాస్టరు, పశ్చిమ గోదావరి జిల్లా:

బ్రదర్, మీ బాధ అర్థమైంది. అయినా మీ నియమంతో ఏకీభవించలేను. మార్కు సువార్త 5వ అధ్యాయంలో గెరాసేనుల దేశంలో దయ్యములు పట్టినవాడు బాగుపడిన రోజే ప్రభువు అతన్ని వెళ్లి చెప్పమన్నాడు. ఒక ఏడాది ఆగి చెప్పమనలేదు. సమరయ స్త్రీ బావి దగ్గర కుండ విడిచి అదే పూట ఊరిలోకి పరుగెత్తింది. ఆమె సాక్ష్యం విని అనేకులు విశ్వసించారు.

ఇరవై రెండేళ్లుగా సంఘాన్ని కాస్తున్నవాడిగా మరొక మాట చెబుతాను. మన పల్లెల్లో ఫలానావాడు తాగుతాడన్నది రహస్యమే కాదు. వాడు కాలువ గట్టున పడి ఉండగా ఎత్తుకొచ్చింది ఆ ఊరివాళ్లే, బెల్టు షాపులో వాడి బాకీ ఎంతో తెలిసింది ఆ ఊరివాళ్లకే. తాగినప్పుడు ఊరంతా చూసినదాన్ని, మానినప్పుడు మాత్రం గదిలో తలుపు వేసుకొని చెప్పుకోవాలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు గుసగుసగా మాట్లాడి ఉంటే, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చేదా? నోరు విప్పడంలో బలముంది. మా సంఘంలో ఒకని సాక్ష్యం విని, ఆ రాత్రే మరొకడు నా ఇంటి తలుపు తట్టాడు. ఏడాది ఆగి ఉంటే ఆ రెండవవాడు బ్రతికి ఉండేవాడో లేదో.

స్టాఫ్ నర్సు, హైదరాబాదు:

అయ్యగారికి వందనాలు. ఆ రెండవ మనిషి గురించే నేను రాయదలచాను, ఎందుకంటే మా వార్డుకు వచ్చేది తరచుగా అతనే.

వేదిక మీద సాక్ష్యం చెప్పే సోదరుడు సాధారణంగా అనే మాట ఒకటుంది: “ఏ మందులూ లేకుండా, ఆసుపత్రికి వెళ్లకుండా, ఒక్క ప్రార్థనతో దేవుడు నాకు మానిపించాడు.” అతని విషయంలో అది నిజమే అయివుండవచ్చు. కింద కూర్చొని వింటున్న వ్యక్తి ఇరవై ఏళ్లుగా రోజూ తాగుతున్నవాడైతే, అతను ఆ మాటను వైద్య సలహాగా తీసుకుంటాడు. ఆ రాత్రే మానేసి, మూడు రోజుల ఉపవాస ప్రార్థనకు కూర్చుంటాడు. మొదటి రోజు చేతులు వణకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లోనే కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, గోడల మీద పురుగులు పాకుతున్నట్లు, ఎవరో పిలుస్తున్నట్లు అనిపిస్తుంది. ఇంటివారు దాన్ని దయ్యమనుకొని ప్రార్థన ఇంకా గట్టిగా చేస్తారు గాని, ఆసుపత్రికి తీసుకురారు. అప్పటికే తిండి లేక శరీరంలో బి1 విటమిన్ అడుగంటిపోయి ఉంటుంది. ఉపవాసం దాన్ని మరింత దిగజారుస్తుంది. ఈ దశలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

కల్లు విషయంలో తెలంగాణలో మరొక చిక్కు ఉంది. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలాం వంటి మత్తు మందులు ఒక్కసారిగా ఆగిపోతే మనిషి అదుపు తప్పుతాడు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడిన కొద్ది రోజులకే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఎందరు వచ్చారో ఈ నగరంలో పనిచేసినవారికి గుర్తుండే ఉంటుంది.

సాక్ష్యం వద్దని నేను అనడం లేదు. సాక్ష్యం చెప్పినవాడు దిగిపోగానే కూడిక నడిపించేవారు లేచి, రోజూ తాగేవారు ఇంట్లో ఒక్కసారిగా మానవద్దని, ముందు డాక్టరును చూడమని, 14446 అనే ప్రభుత్వ సహాయ నంబరు ఉన్నదని చెప్పాలి. ఆ రెండు నిమిషాలు ఇవ్వలేని వేదిక మీద ఆ సాక్ష్యం చెప్పించకపోవడమే మేలు.

ఒక సోదరి, ప్రకాశం జిల్లా:

ఇంతవరకు రాసినవారందరూ తాగినవాని గురించి, వినేవాని గురించి రాశారు. నేను వేదిక కింద మూడవ వరుసలో కూర్చున్నదాని గురించి రాస్తాను.

మా ఆయన మానిన తరువాత మూడు నెలలకు సాక్ష్యం చెప్పారు. తాను ఎంత నీచ స్థితిలో ఉండేవారో చెప్పాలి కాబట్టి, నన్ను కొట్టిన సంగతి, నా పుస్తెలు తాకట్టు పెట్టిన సంగతి, ఒక రాత్రి మా అమ్మాయి అడ్డం వస్తే ఆ పిల్లను నెట్టివేసిన సంగతి అన్నీ చెప్పారు. అందరూ ఏడ్చారు. నన్ను లేచి నిలబడమన్నారు, నేను నిలబడ్డాను. మా అమ్మాయి అప్పుడు తొమ్మిదవ తరగతి. నా చీర కొంగు పట్టుకొని కూర్చున్నది, ఇంటికి వెళ్లేదాకా వదల్లేదు. మరునాడు బడిలో పిల్లలు దాన్ని అడిగారు. తరువాత రెండు వారాలు అది మందిరానికి రానన్నది.

ఆయన మారినందుకు దేవునికి ప్రతి ఉదయం కృతజ్ఞత చెబుతాను; ఇప్పటికీ ఆయన మానే ఉన్నారు, నాలుగేళ్లయింది. కాబట్టి పడిపోతారేమో అన్న భయంతో నేనిది రాయడం లేదు. ఆ సాక్ష్యంలో సగం మా కథ. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఏడాది ఆగి చెప్పినా, పదేళ్లు ఆగి చెప్పినా, మమ్మల్ని అడగకుండా చెబితే అది అంతే. ఆయన పాపాన్ని ఆయన ఒప్పుకున్నారు, ప్రభువు క్షమించాడు, సంఘం ఆయన్ను కౌగిలించుకున్నది. మా అమ్మాయికి మాత్రం ఆ రాత్రి జరిగినది వందలాది మంది ముందు ఇంకోసారి జరిగింది.

శనివారం కూడిక నిర్వాహకుడు, గుంటూరు జిల్లా:

అమ్మా, మీరు రాసినది మూడుసార్లు చదివాను. ఆరేళ్లుగా ఈ పని చేస్తున్న నాకు ఈ కోణం ఒక్కసారీ తట్టలేదని ఒప్పుకుంటున్నాను. తాగినవారి భార్యల కూడిక మా ఊరిలో లేదు. ఆ లోటు ఎంత పెద్దదో ఇప్పుడు తెలుస్తున్నది. 1935లో అమెరికాలోని యాక్రన్ పట్టణంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ కలిసి తాగుడు మానాలనుకునేవారి కొరకు ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘాన్ని మొదలుపెట్టిన పదహారేళ్లకు, బిల్ భార్య లోయిస్ మరొక స్త్రీతో కలిసి కుటుంబ సభ్యుల కొరకు అల్‌అనాన్ అనే సంఘాన్ని ఏర్పాటు చేశారు. కుటుంబానికి వేరుగా చోటు కావాలని వారు 1951లోనే గుర్తించారు.

పాస్టరుగారూ, మార్కు 5వ అధ్యాయాన్ని నేనూ మళ్ళీ తీసి చదివాను. బాగుపడినవాడు తనను వెంట తీసుకువెళ్లమని బతిమాలితే ప్రభువు ఒప్పుకోలేదు. దోనె ఎక్కించుకొని ఊరూరా తిప్పి చూపించలేదు. నీ యింటివారి యొద్దకు వెళ్లమన్నాడు. ఆ ఇంటివారు అతని వల్ల ఎంత పడ్డారో ప్రభువుకు తెలుసు కాబట్టే ముందు అక్కడికి పంపాడని నాకు అనిపిస్తున్నది. అతను తరువాత దెకపొలిలో ప్రకటించాడన్నది నిజమే, ఆ వచనాన్ని నేను దాటవేయను. వరుస మాత్రం మొదట ఇల్లు, ఆ తరువాత ఊరు.

ఊరంతటికీ తెలిసినదే కదా అన్నారు. తాగుతాడన్నది తెలుసు, ఒప్పుకుంటాను. మళ్ళీ తాగాలనిపిస్తున్నదన్న సంగతి ఎవరికీ తెలియదు, దాన్ని చెప్పుకోవడానికి అతనికి ఒక గది కావాలి. మా కూడికలో టీ పోసేటప్పుడు కొత్తగా వచ్చినవారికి గ్లాసు సగమే పోస్తాము, చేతులు వణికితే ఒలకకుండా. ఎందుకని ఎవరూ అడగరు. కొన్ని వారాలకు తనంతట తానే “నిండుగా పోయండన్నా” అంటాడు. నా దృష్టిలో అది మొదటి సాక్ష్యం. దానికి ఎనిమిది మంది సాక్షులు చాలు.

టెక్సాస్‌లో ఉంటున్న తెలుగువాడు:

నేను ఇక్కడ ఒక చర్చిలో సెలబ్రేట్ రికవరీ కూడికలకు వెళుతున్నాను. 1991లో కాలిఫోర్నియాలోని సాడిల్‌బ్యాక్ చర్చిలో, స్వయంగా తాగుడు నుండి బయటపడిన జాన్ బేకర్ మొదలుపెట్టిన పరిచర్య ఇది. కొండమీది ప్రసంగంలోని ధన్యతల ఆధారంగా ఎనిమిది సూత్రాలు ఉంటాయి. ఇక్కడ ముందు అందరూ కలిసి ఆరాధన చేస్తారు, ఆ తరువాత పురుషులు వేరుగా, స్త్రీలు వేరుగా చిన్న గుంపుల్లో కూర్చుంటారు. గుంపులో ఒక్కొక్కరు మూడు నుండి ఐదు నిమిషాలు మాట్లాడతారు, ఒకరు మాట్లాడుతుండగా మరొకరు సలహా ఇవ్వరు, అక్కడ విన్నది అక్కడే ఉండిపోతుంది.

సాక్ష్యాలు మా చర్చిలోనూ ఉన్నాయి, అందరి ముందూ చెబుతారు. చెప్పేవారు మాత్రం ముందుగా కాగితం మీద రాసి, నడిపించేవారికి చూపిస్తారు. నా సాక్ష్యం రాయడానికి నాకు ఐదు నెలలు పట్టింది. మొదటిసారి రాసినదాంట్లో మూడు పేజీలు తాగుడు గురించి, అర పేజీ ప్రభువు గురించి ఉన్నదని మా నాయకుడు చూపించారు. రెండవసారి రాసినప్పుడు మా అన్నయ్య గురించిన పేరా తీసివేయమన్నారు, అది చెప్పుకునే హక్కు అన్నయ్యది అన్నారు. కాబట్టి 40 రోజులా, ఏడాదా అన్న లెక్క కంటే రాయించడం మేలని నా అనుభవం. రాస్తున్నకొద్దీ మనిషి సిద్ధపడతాడు, లేదా తాను ఇంకా సిద్ధంగా లేనని తానే తెలుసుకుంటాడు.

వీడియో విషయంలో మాత్రం నేను ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి పక్షం. పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో సభ్యులు తమ గుర్తింపు బయటపెట్టకూడదన్నది వారి సంప్రదాయాల్లో ఒకటి. యూట్యూబ్ అప్పటికి లేకపోయినా, ఆ నియమం వెనక ఉన్న జాగ్రత్త దానికీ సరిపోతుంది.

పాస్టరు, పశ్చిమ గోదావరి జిల్లా:

సాక్ష్యం ఆపాలన్న మాటకు నేను ఇంకా ఒప్పుకోలేను. బాగుపడిన మనిషిని నోరు మూసుకొని కూర్చోమనడం నా చేత కాదు. ముందుగా రాయించడం, ఇంటివారిని అడగడం, నర్సమ్మగారు చెప్పిన రెండు నిమిషాల హెచ్చరిక, ఈ మూడూ వచ్చే నెల కూటాల నుండి పాటిస్తాను.

ఒక సోదరి, ప్రకాశం జిల్లా:

అయ్యగారూ, ఒక్క సంగతి అడగాలి. మా ఆయన సాక్ష్యం ఇంకా ఆ సంఘం వారి యూట్యూబ్ ఛానల్‌లో ఉంది. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము. తీసివేయమని రెండుసార్లు కబురు పంపితే, దాని వల్ల ఆత్మలు రక్షింపబడుతున్నాయి కదా అన్నారు. ఎవరితో చెప్పిస్తే వింటారు?

పాస్టరు, పశ్చిమ గోదావరి జిల్లా:

అమ్మా, ఆ సంఘం పేరు ఇక్కడ రాయకుండా నాకు విడిగా సందేశం పంపండి. ఆ పాస్టరుగారితో నేను స్వయంగా మాట్లాడతాను. మీరు అడిగిన తరువాత మా సంఘపు ఛానల్ తెరిచి చూశాను. ఇలాంటివి నాలుగు ఉన్నాయి, నాలుగూ ఈ రోజు తీసివేశాను. ఆ నలుగురికీ ఫోను చేసి చెబుదామని కూర్చుంటే, ఇద్దరి నంబర్లు పనిచేయడం లేదు. వారు ఎప్పటినుండి మందిరానికి రావడం లేదో మా పెద్దలను అడిగితే ఎవరికీ సరిగా గుర్తు లేదు. ఒకతను ఏలూరులో లారీల షెడ్డులో పనికి కుదిరాడని మాత్రం ఒకరన్నారు. రేపు ఉదయం అక్కడికి వెళుతున్నాను.