"నేతాజీ పుట్టిన చోట" అని కలకత్తాని ఎలా అన్నారు?

దసరాకి కలకత్తా వెళ్తున్నాం అండి, ఆ ఊళ్ళో తీసిన సినిమాలు రాత్రి అన్నాలయ్యాక ఇంట్లో అందరం కూర్చుని చూస్తున్నాం. సత్యజిత్ రాయ్ మహానగర్ (1963) అయిపోయింది, టైటిల్స్ పడుతున్నంతసేపూ ట్రామ్ నెత్తిన తీగని రాసుకుంటూ పోయే కడ్డీ ఒక్కటే చూపిస్తాడు, అదే నాకు తెగ నచ్చేసింది. కహానీ (2012) కూడా అయింది, అందులో ఆవిడ విద్య అని ఎన్నిసార్లు చెప్పినా ఊరంతా బిద్యా అనే పిలుస్తుంది. మన అనామిక దాని రీమేకే గానీ కథని హైదరాబాద్‌కి తెచ్చేశారు కదా, ఈ ప్రయాణానికి పనికిరాదు. నిన్న చూడాలని వుంది (1998) పెట్టాం. యమహానగరి పాటలో "నేతాజీ పుట్టిన చోట" రాగానే మా అమ్మాయి ఆపేసి, ఆయన పుట్టింది కటక్‌లో కదా నాన్నా అంది. నిజమే, 1897, కటక్. మరి వేటూరి గారు అలా ఎందుకు రాశారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

—

పాప భలే పట్టుకుందండీ. కానీ దాని పక్క మాట కూడా చూడండి, "గీతాంజలి పూసిన చోట". నిజానికి కలకత్తాలో పుట్టింది ఠాగూర్, జొరాసాంకోలో, 1861లో. ఆయన దగ్గర పుట్టిన అనకుండా పూసిన అన్నారు, అక్కడ పుట్టని బోసు గారికేమో పుట్టిన అన్నారు. పుట్టిన, పూసిన అని రెండూ పక్కపక్కన పడితే వచ్చే ఊపు కోసమే అలా రాశారని నాకు అనిపిస్తుంది, పాటలో ఆ ఊపు లేకపోతే ఎవరికీ గుర్తుండదు.

—

ఊపు ఒక్కటే కాదు అనుకుంటా. బోసు ఆ ఊళ్ళో ప్రెసిడెన్సీ కాలేజీలో చదివాడు, 1930లో ఆ ఊరికే మేయర్ అయ్యాడు, 1941 జనవరిలో ఎల్గిన్ రోడ్డు ఇంట్లోంచి పోలీసుల కళ్ళుగప్పి కారులో వెళ్ళిపోయాడు, ఆ కారు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంచారు, తప్పకుండా చూడండి. నాయకుడిగా పుట్టిన చోటు అనే అర్థం చెప్పుకోవచ్చు. అయితే నేతాజీ అన్న పిలుపు వచ్చింది 1942లో జర్మనీలో, కాబట్టి అక్షరాలా పట్టుకుంటే ఇదీ నిలబడదు, అది ఒప్పుకోవాల్సిందే.

నాకు మాత్రం దాని తర్వాత వచ్చే "ఆ హంస పాడిన పాటే ఆనందుడు చూపిన బాట" అన్నదే ప్రాణం. పరమహంసలో పరమ తీసేసి హంస, వివేకానందుడిలో వివేక తీసేసి ఆనందుడు. పేర్లు సగమే చెప్పినా మనిషి ఎవరో తెలిసిపోతాడు, పైగా హంసకి పాట, ఆనందుడికి బాట, గురువు పాడింది శిష్యుడికి దారి అయింది. ఇంత తక్కువ మాటల్లో ఆ గురుశిష్యుల సంగతి తెలుగులో ఇంకెవరైనా చెప్పారా? దక్షిణేశ్వరం నుంచి బేలూరు మఠానికి నది మీద పడవలో వెళ్ళొచ్చు, ఆ పడవలో ఇది పాడుకోండి.

—

అందరికీ చాలా థాంక్సండీ, పాపకి చదివి వినిపించాను. యమహానగరిలో యమ కూడా మనం యమ స్పీడు, యమ టేస్టు అనే యమే కదా, మహానగరి ముందు యమ చేరి రెండు మ-లు ఒకటైపోయినట్టున్నాయి, వ్యాకరణం ఒప్పుకోదేమో గానీ చెవి ఒప్పేసుకుంది. ఇంకొకటి, "బెంగాలీ కోకిల బాల, తెలుగింటి కోడలు పిల్ల" అని సరోజినీ నాయుడు గారిని అన్నారు. ఆవిడ పుట్టింది హైదరాబాద్‌లో, అయినా పుట్టిన ఊరు వదిలేసి పుట్టింటి భాష, మెట్టినిల్లు రెండే పట్టుకున్నారు. దీని మీద కూడా ఎవరైనా వివరంగా రాస్తే బాగుంటుంది, మా ప్రయాణం లోపే.