ఇథియోపియా నాటు గోధుమ: స్లోప్ తక్కువ వస్తే "స్థిరమైన రకం" అనేయొచ్చా?

కంకి_పీజీ:
ఇథియోపియా ఎత్తు ప్రాంతాల దురుమ్ గోధుమ (పాస్తాకు వాడే గట్టి గింజ గోధుమ) మీద సెమినార్ ఇవ్వాలి. వేర్వేరు ఎత్తుల్లో వేసిన ట్రయల్ డేటాలో కొన్ని నాటు రకాలకు రిగ్రెషన్ స్లోప్ (చోటు సగటు దిగుబడి పెరిగేకొద్దీ ఆ రకం దిగుబడి ఎంత పెరుగుతుందో చెప్పే గీత వాలు) 1 కంటే బాగా తక్కువ వస్తోంది. గైడ్ గారు వాటిని స్థిరమైనవని రాయమంటున్నారు. కానీ సగటు దిగుబడిలో అవి విడుదల రకాల (బ్రీడర్లు తయారుచేసి రైతులకు విడుదల చేసినవి) కంటే వెనకే ఉన్నాయి. ఏమని రాయాలి? వచ్చే వారమే ప్రజెంటేషన్, టెన్షన్‌గా ఉంది.

గణాంకం:
1963లో ఫిన్లే, విల్కిన్సన్ బార్లీ మీద వాడిన పద్ధతే ఇది. స్లోప్ ఒక్కటే చూడకండి. 1966లో ఎబర్‌హార్ట్, రస్సెల్ చెప్పినట్టు ఒక్కో చోట దిగుబడి ఆ గీత నుంచి ఎంత పక్కకు పోతోందో కూడా లెక్కించండి.

నల్లరేగడి:
లెక్క సరే. నేను బ్రీడింగ్ ట్రయల్స్‌లోనే పనిచేస్తాను, నా సలహా వేరు. ముందు ప్రతి రకానికీ అన్నిటికంటే పాడైన చోట ఎంత పండిందో విడిగా రాసుకోండి. స్లోప్ తగ్గడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, చెడ్డ చోట కూడా రకం తట్టుకుని నిలబడటం. రెండోది, మంచి చోట పైకి వెళ్లలేకపోవడం. నాటు రకాలు చాలావరకు పొడుగ్గా పెరుగుతాయి. నత్రజని బాగా అందితే కంకి బరువెక్కాక పైరు పడిపోతుంది, గింజ నిండదు. అక్కడ దిగుబడి ఆగిపోతే గీత చదునవుతుంది. దాన్ని స్థిరత్వం అంటే రైతుకు అన్యాయం చేసినట్టే.

మొదటి కారణం కూడా నిజమే, అది చాలా విలువైనది. ఇథియోపియా ఎత్తు ప్రాంతాల నల్లరేగడి నేలల్లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నీళ్లు నిలుస్తాయి. అందుకే చాలామంది వానలు తగ్గేవేళకు విత్తి, నేలలో మిగిలిన తేమ మీద పంట తీస్తారు. గింజ పాలు పోసుకునే వేళకు ఆ తేమ అయిపోతుంది. కాస్త పైకెళ్తే రాళ్ల నేల, చలి. ఒకే కొండకు ఇన్ని ముఖాలు.

ఇంకో మాట. నాటు రకం అంటే ఒకే లైన్ (ఒకే కంకి సంతతి) కాదు. ఒక్క మడిలోనే తెల్ల గింజ, ఎర్ర గింజ, ఊదా గింజ కంకులు కలిసి కనిపిస్తాయి. ఒకటి దెబ్బతింటే పక్కది కొంత పూడుస్తుంది. మీ ట్రయల్‌లో వేసింది ఆ మిశ్రమమా, ఒక్క కంకి నుంచి శుద్ధి చేసిన లైనా? రెండోదైతే, ఆ ఫలితం చూసి రైతు పొలంలోని నాటు రకం గురించి తీర్పు చెప్పకండి.

ఒకే రకం విస్తారంగా వేస్తే ఏమవుతుందో రొట్టె గోధుమలో చూశాం. 2010లో పసుపు తుప్పు తెగులు కుబ్సా, గాలెమా రకాలను ఊడ్చేసింది. 2013లో బాలే ప్రాంతంలో దిగాలు అనే రకాన్ని కాండం తుప్పు పాడుచేసింది. అలాగని నాటువి తెగుళ్లకు అతీతమని రాయకండి, అవీ తుప్పు బారిన పడతాయి.

కంకి_పీజీ:
చూశానండీ. వేసినవన్నీ శుద్ధ లైన్లే! తక్కువ స్లోప్ ఉన్నవాటిలో కొన్ని చెడ్డ చోట విడుదల రకాల కంటే మెరుగ్గా ఉన్నాయి. మిగతావి రెండు చోట్లా వెనకే.

నల్లరేగడి:
అయితే ఆ రెండు గుంపులనూ విడదీసి చూపించండి, శుద్ధ లైన్లన్న సంగతి మొదటి స్లైడ్‌లోనే చెప్పండి. గడ్డి తూకం ఉంటే అదీ పెట్టండి, దున్నే ఎద్దులకు మేత అదే. ఇంతకీ డేటా ఎన్నేళ్లది? ఒకే ఏడాది చాలా చోట్ల వేసిందైతే, ఒక రైతు పొలంలో ఏటేటా ఎంత నిలకడగా పండుతుందో అది చెప్పదు.