మబీని చేసిన విధేయతా ప్రమాణాన్ని లొంగుబాటు అనాలా?

దవావ్_మెడికో
అందరికీ నమస్కారం. నేను ఫిలిప్పీన్స్‌లో, దవావ్‌లో మెడిసిన్ చదువుతున్నాను. ఇక్కడి పది పెసోల నాణెం మీద అపోలినారియో మబీని బొమ్మ ఉంటుంది. ఆయన గురించి చదువుతుంటే ఒక విషయం దగ్గర మనసు ఆగిపోయింది. ఇక్కడ చరిత్ర తెలిసిన పెద్దలున్నారు కాబట్టి అడుగుతున్నాను.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1864లో బతాంగాస్ ప్రాంతంలోని తనవాన్‌లో పేద రైతు ఇంట్లో పుట్టాడు. 1894లో మనీలాలో లా పూర్తి చేశాడు. 1896 మొదట్లో పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. ఆ ఏడాదే స్పెయిన్ మీద తిరుగుబాటు లేచింది, ఆయన్నీ అరెస్టు చేశారు. 1898లో తిరుగుబాటు నాయకుడు అగినాల్డో పిలిస్తే జనం డోలీలో మోసుకుంటూ తీసుకెళ్ళారు. 1899 జనవరిలో తొలి రిపబ్లిక్‌కు ప్రధాని అయ్యాడు. ఫిబ్రవరిలో, స్పెయిన్ స్థానంలో వచ్చిన అమెరికాతో యుద్ధం వచ్చింది, డిసెంబరులో దొరికిపోయాడు. అమెరికాకు విధేయుడినని ప్రమాణం చేయనన్నాడు, రాతలు ఆపలేదు. దాంతో 1901 జనవరిలో గ్వామ్ ద్వీపానికి పంపేశారు. రెండేళ్ళు అక్కడే ఉన్నాడు.

1903 ఫిబ్రవరి 26న మనీలాలో అదే ప్రమాణం చేసి ఒడ్డుకు దిగాడు. మే 13న కలరాతో పోయాడు. గ్వామ్ నుంచి అదే ఓడలో వచ్చిన విప్లవ జనరల్ అర్తేమియో రికార్తే మాత్రం ప్రమాణం చేయలేదు. ఆయన్ని అటునుంచి అటే హాంకాంగ్ పంపేశారు.

మబీని చేసినదాన్ని లొంగుబాటు అనాలా? మా క్లాసులో ఇక్కడి పిల్లలే రెండుగా చీలిపోయారు.

కొండవీటి
లొంగుబాటే. వేరే పేరెందుకు పెట్టాలి? ఒకే ఓడ, ఒకే రోజు, ఒకే కాగితం. ఒకరు చేశారు, ఒకరు చేయలేదు. మబీని మీద గౌరవం లేక అనడం లేదు. 1899 మేలో అమెరికా స్వయంపాలన ఇస్తానంటే, స్వాతంత్ర్యం కాకపోతే అక్కర్లేదన్నాడు. దాని వల్లే పదవి పోయి పెద్రో పతెర్నో వచ్చాడు. అంత నిలబడ్డ మనిషి చివర్లో చేసిన పనిని చేసినట్టే రాయాలి.

ప్లీడర్_విశ్రాంతి
ముప్పై ఏళ్ళు సివిల్ కోర్టుల్లో పనిచేసినవాడిగా ఒక మాట. ఒత్తిడి పెట్టి తీసుకున్న సంతకానికి సంపూర్ణ సమ్మతి విలువ ఉండదు. "సంతకం పెడితేనే నీ ఇంటికి వెళ్ళనిస్తాం" అనడం ఒత్తిడి కాక మరేమిటి? పైగా 1901 నవంబరులో అమెరికా ప్రభుత్వం అక్కడ దేశద్రోహ చట్టం తెచ్చింది. శాంతియుతంగా స్వాతంత్ర్యం కావాలని ప్రచారం చేసినా నేరమే. అలాంటి చోట చేసిన ప్రమాణాన్ని మనసులో మాట అని ఎలా అంటాం?

కొండవీటి
ప్లీడర్ గారూ, ఆ ఒత్తిడి రికార్తే మీద లేదా?

సాగరతీరం
పాపం రెండు కాళ్ళూ లేని మనిషి. రికార్తే సైనికుడు, ఎక్కడైనా బతుకుతాడు. ఈయన్ని వదిలేయండి.

గోస్తనీ
సాగరతీరం గారూ, ఆ "పాపం" వద్దు. నాకు రెండో ఏట పోలియో వచ్చింది. చిన్నప్పటి నుంచీ కాలిపర్లతో నడిచాను, ఇప్పుడు చక్రాల కుర్చీ. మా మీద జాలిపడి మార్కులు వేసేవాళ్ళని చాలామందిని చూశాను. ఆ కాళ్ళతోనే ఆయన కొత్త ప్రభుత్వానికి చట్రం గీశాడు. ఆ కాళ్ళతోనే రెండేళ్ళు గ్వామ్‌లో ప్రమాణం చేయను పొమ్మన్నాడు. అప్పుడు అడ్డురాని కాళ్ళు చివరి రోజున సాకు ఎలా అవుతాయి?

ఇంకో సంగతి. ఆయనకు వచ్చింది సుఖవ్యాధి అని బతికుండగానే పుకారు పుట్టించారు. 1980లో ఎముకలు బయటికి తీసి పరీక్షించి, పోలియోయే అని డాక్టర్లు తేల్చేదాకా ఆ మచ్చ పోలేదు. కాబట్టి ఆయన శరీరాన్ని పక్కన పెట్టి, చేసిన పని గురించి మాట్లాడండి.

నా మాట ఇది. ఆయన లొంగలేదు. మొదటి నుంచీ ఆయనది ఒకటే పట్టు, నిర్ణయం నాయకుడిది కాదు, జనానిది. 1898 జూన్ 12న అగినాల్డో స్వాతంత్ర్యం ప్రకటిస్తే, తొందరపడ్డారన్నాడు. ఆ ప్రకటనలో "అమెరికా రక్షణలో" అన్న మాట ఆయనకు నచ్చలేదు. ఊళ్ళ పెద్దలు ఆగస్టు 1న బకోర్‌లో చేరి ధ్రువపరిచినప్పుడు ఆ మాట తీసేశారు. అలాంటివాడు 1903కి ఏం చూశాడు? 1901 మార్చిలో అగినాల్డో పట్టుబడ్డాడు, ఏప్రిల్‌లో ప్రమాణం చేశాడు, అందరూ ఆయుధాలు దించండని ప్రకటన ఇచ్చాడు. మబీని సొంత ప్రాంతం బతాంగాస్‌లో అమెరికా సైన్యం పల్లెజనాన్ని శిబిరాల్లో కుక్కింది. అక్కడ పోరాడుతున్న జనరల్ మల్వార్ 1902 ఏప్రిల్‌లో లొంగిపోయాడు. యుద్ధం అయిపోయింది. యుద్ధం లేని చోట యుద్ధం చేసినట్టు హాంకాంగ్‌లో కూర్చుంటే ఎవరికి లాభం?

కొండవీటి
గోస్తనీ మేడమ్, మీ లెక్క ప్రకారమే మల్వార్ లొంగింది 1902 ఏప్రిల్. జులై 4న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ క్షమాభిక్ష ప్రకటించాడు, ప్రమాణం చేస్తే ఇంటికి పోవచ్చన్నాడు. మబీని అప్పుడు చేయలేదు. మరి ఏడు నెలల తర్వాత ఎందుకు చేశాడు? జులైలో తప్పైనది ఫిబ్రవరిలో ఒప్పెలా అయింది? ఈ ఏడు నెలలకు జవాబు చెప్పండి.

నల్లరేగడి
అగినాల్డో 1897లో బియాక్ నా బాతో ఒప్పందం చేసుకుని స్పెయిన్ దగ్గర డబ్బు తీసుకుని హాంకాంగ్ పోయాడు. ఆయన్ని ఎవరూ అడగరా? 1964 దాకా బతికాడు.

కొండవీటి
అగినాల్డో సంగతి ఇంకో చర్చ పెట్టండి. నేను అడిగింది ఏడు నెలల గురించి.

దవావ్_మెడికో
కొండవీటి అంకుల్, నాకు తెలిసినది చెప్తాను. 1902 జులైలో గ్వామ్‌లో ఆయన ఖైదీ. జైలు నుంచి బయటపడటానికి ప్రమాణం చేయాలి. దానికి ఒప్పుకోలేదు. 1903 ఫిబ్రవరిలో అక్కడి అధికారులు, మీరిక ఖైదీలు కాదు, ఎక్కడికైనా వెళ్ళొచ్చు, ప్రమాణం చేయకుండా ఫిలిప్పీన్స్‌లో మాత్రం దిగకూడదు అన్నారు. అంటే జులైలో ముందున్నది జైలా ఇల్లా అన్న ప్రశ్న. ఫిబ్రవరిలో శాశ్వతంగా పరాయి దేశమా సొంత దేశమా అన్న ప్రశ్న.

ప్లీడర్_విశ్రాంతి
బాగా చెప్పావు నాయనా. పరిస్థితి మారితే నిర్ణయం మారడం సహజం. ఇది ప్రతి లాయరుకూ తెలుసు.

కొండవీటి
లాయర్లకు తెలుసు సరే. జైలుకు భయపడనివాడు పరాయి ఊరికి భయపడ్డాడా? నాకు ఇంకా ఆశ్చర్యంగా ఉంది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఆకలితో ఎదురుచూసే కుటుంబం లేదు. ప్రమాణం చేయకపోతే నష్టపోయేది ఆయనొక్కడే. అలాంటివాడికి సాకులు ఇంకా తక్కువ.

గోస్తనీ
రికార్తేని మీరు ఆకాశానికెత్తుతున్నారు కాబట్టి ఆయన కథ పూర్తిగా చెప్పండి. హాంకాంగ్ నుంచి జపాన్ పోయి యోకొహామాలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించినప్పుడు వాళ్ళతో కలిసి తిరిగొచ్చాడు. 1945లో ఉత్తర లుజోన్ కొండల్లో పోయేదాకా వాళ్ళ పక్షానే ఉన్నాడు. అమెరికా జెండాకు ప్రమాణం చేయని చెయ్యి జపాన్ సైన్యానికి సాయం పట్టింది. మబీని ఒడ్డుకు దిగాక ఏ పదవీ తీసుకోలేదు. కాగితం మీద సంతకం లేకపోవడమే మీకు గొప్పతనమా?

కొండవీటి
ప్రపంచ యుద్ధంలో చేసింది 1903లో చేసినదాన్ని చెరిపెయ్యదు. తర్వాత ఏమైందన్నది చూపించి, ఆ రోజు నిలబడినవాడిని చిన్నబుచ్చడం అన్యాయం. ఇది ఎప్పుడూ జరిగేదే. సంతకం పెట్టినవాళ్ళకి వంద కారణాలు దొరుకుతాయి. పెట్టనివాడిని మాత్రం మొండివాడు, లోకం తెలియనివాడు అంటారు. సంతకం పెట్టినవాళ్ళంతా ఒకటే జాతి మేడమ్. మీరెంత చెప్పినా.

గోస్తనీ
"ఒకటే జాతి" అన్నారు కదా. సరే, చెప్తాను.

మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు. యూనియన్‌లో ముందుండేవాడు. లాకౌట్ పెట్టి నెలలు గడిచాయి. ఇకమీద సమ్మెలో పాల్గొననని రాసిచ్చినవాళ్ళనే లోపలికి రానిస్తామన్నారు. అప్పటికి నా కాలికి ఆపరేషన్ చేయించాలి, ఇంట్లో రూపాయి లేదు. నాన్న రాసిచ్చాడు. ఆ రోజు నుంచి లైన్లో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. టీ కొట్టు దగ్గర పక్కకి జరిగేవారు. మా అక్క పెళ్ళికి పాత స్నేహితులు ఒక్కరూ రాలేదు. నాన్న పోయినప్పుడు యూనియన్ ఆఫీసు నుంచి ఒక దండ కూడా రాలేదు. ఆయన ఎవరి పేరూ యాజమాన్యానికి చెప్పలేదు, ఎవరి ఉద్యోగమూ తీయించలేదు. ఒక కాగితం రాసిచ్చాడు, అంతే. మీరు "లొంగుబాటే, వేరే పేరెందుకు" అని తేలిగ్గా అన్నప్పుడు నాకు ఆ టీ కొట్టు దగ్గరి మనుషులే వినిపించారు.

సాగరతీరం
అమ్మా, ఇందాక "పాపం" అన్నందుకు బాధపడకండి.

మోడరేటర్_2
వ్యక్తిగత విషయాల్లో ఒకరినొకరు నొప్పించుకోవద్దు. చర్చ మబీని దగ్గరే ఉండనివ్వండి.

కొండవీటి
మోడరేటర్ గారూ, ఇది మబీని చర్చే. అసలు చర్చ ఇప్పుడే మొదలైంది.

మేడమ్, మీ నాన్నగారిని నేను ఒక్క మాటా అనను. మా నాన్న సంగతి వినండి. ఎమర్జెన్సీలో మీసా కింద, అంటే విచారణ లేకుండా నిర్బంధించే చట్టం కింద, తీసుకెళ్ళారు. లోపల ఉండగా, ప్రభుత్వ విధానాలను సమర్థిస్తానని రాసిస్తే వదిలేస్తామన్నారు. పక్క మంచాల వాళ్ళు ఇద్దరు రాసిచ్చి వెళ్ళిపోయారు. నాన్న రాయలేదు. 1977 దాకా లోపలే ఉన్నాడు. అమ్మ కుట్టుమిషన్ తొక్కి మమ్మల్ని సాకింది. తమ్ముడికి టైఫాయిడ్ వస్తే బంధువులు అమ్మ ముఖం మీదే అన్నారు, "మొగుడు ఒక సంతకం పెడితే పోయేదానికి" అని. నాన్న బయటికొచ్చేసరికి, రాసిచ్చి వెళ్ళినవాళ్ళే వేదికల మీద జైలు అనుభవాలు చెబుతున్నారు, సన్మానాలు అందుకుంటున్నారు. నాన్నకి ఏ సన్మానం అక్కర్లేదు. ఇద్దరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టడం మాత్రం ఆయన చివరిదాకా సహించలేకపోయాడు. నేనూ సహించలేను.

అందుకే రికార్తే గురించి అంత పట్టు పడుతున్నాను. నాణెం మీద మబీని ఉన్నాడు. ఆ ఓడలో ప్రమాణం చేయనన్నవాడి పేరు మన దగ్గర ఎంతమందికి తెలుసు?

గోస్తనీ
మీ అమ్మగారికి నా నమస్కారం. ఆ మాటలు పడటం ఎలా ఉంటుందో మా అమ్మనీ చూశాను.

అయినా ఒకటి చెప్పాలి. మీ నాన్నగారికి దక్కాల్సిన గౌరవాన్ని వేదికలెక్కినవాళ్ళు తీసుకున్నారు. వాళ్ళ మీద కోపం న్యాయమే. మబీని వేదిక ఎక్కలేదు. దిగిన రోజున పత్రికలకు ఇచ్చిన మాటలో కూడా గెలిచి వచ్చానని చెప్పుకోలేదు. జబ్బుతో, బాధలతో అలిసిపోయి, ఏమీ తోచని స్థితిలో వస్తున్నాను, కొంత విశ్రాంతి తీసుకుని ఇంకా ఏదైనా ఉపయోగపడాలని ఉంది అన్నాడు. గ్వామ్‌లో రాసిన విప్లవ చరిత్రలో అగినాల్డో తప్పుల్ని, సొంతవాళ్ళ చేతుల్లో జరిగిన జనరల్ లూనా హత్యని పేర్లతో సహా ఎత్తిచూపాడు. దాన్ని చనిపోయిన తల్లికి అంకితం ఇచ్చాడు. ఆమె ఆయన్ని చర్చి ఫాదర్‌ని చేద్దామనుకుంది. లొంగిపోయినవాడు అలా రాసుకుంటూ కూర్చోడు. ఏదో ఒకటి అడిగి తీసుకుంటాడు.

కొండవీటి
ఏమీ అడగలేదన్నది నిజమే. అది నేను కాదనడం లేదు. అగినాల్డోకీ ఆయనకీ తేడా అక్కడే ఉంది.

అయినా ప్రమాణం ప్రమాణమే అంటాను. రెండేళ్ళు వద్దన్నదాన్ని ఆ రోజు చేశాడు. ఎందుకు చేశాడో అర్థం చేసుకోగలను. అర్థమైనంత మాత్రాన దాని పేరు మారదు.

గోస్తనీ
మీకు మారదు. మా ఇంట్లో ఆ పేరుతో నలభై ఏళ్ళు బతికాం కాబట్టి నాకు మారుతుంది.

ప్లీడర్_విశ్రాంతి
ఇద్దరూ చట్టం దగ్గరికి రావడం లేదు. ఒత్తిడితో తీసుకున్న ప్రమాణం గురించి నేను అడిగినదానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

దవావ్_మెడికో
థాంక్స్ అందరికీ. ప్లీడర్ గారు చెప్పిన 1901 చట్టం సంగతి మా క్లాసులో ఎవరూ ఎత్తలేదు, రేపు అడుగుతాను. అంకుల్, రికార్తే గురించి ఇక్కడి లైబ్రరీలో ఏమున్నాయో చూసి ఇంకో చర్చ పెడతాను. గోస్తనీ గారూ, మీరూ అందులోకి రావాలి.

గోస్తనీ
వస్తాను. యోకొహామా దగ్గర మాత్రం ఆపేయకుండా 1945 దాకా రాయి.

కొండవీటి
1903 నుంచి మొదలుపెట్టు.