కెరటోకోనస్ కంటికి ఆర్‌జీపీ లెన్స్: కొన దగ్గరి నలుపును ఎలా అర్థం చేసుకోవాలి?

నమస్కారం. నేను ఆప్టోమెట్రీ ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. సాఫ్ట్ లెన్స్ అమరికను పరిశీలించడం కొంతవరకు పట్టుబడింది: అది కార్నియాను (కంటి ముందున్న పారదర్శక పొరను) పూర్తిగా కప్పాలి, రెప్ప ఆర్పినప్పుడు స్వల్పంగా కదలాలి, కింది రెప్పతో పైకి నెట్టి వదిలితే తేలికగా తన చోటికి రావాలి. కెరటోకోనస్ (కార్నియా పలుచబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే స్థితి) ఉన్నవారికి ఆర్‌జీపీ లెన్స్ (ఆక్సిజన్‌ను లోపలికి పోనిచ్చే గట్టి లెన్స్) అమర్చేటప్పుడే నాకు సందేహాలు తీరడం లేదు.

శంకువు కొనపై తేలికపాటి స్పర్శ, మధ్య పరిధిలో ఆనిక, అంచు దగ్గర కన్నీరు మారేందుకు చాలినంత ఖాళీ ఉండాలని మాకు నేర్పారు. అయితే సుమారు 20 మైక్రాన్ల లోపు కన్నీటి పొర కూడా ఫ్లోరెసీన్‌తో (నీలి కాంతిలో పచ్చగా మెరిసే రంగుతో) నల్లగానే కనిపిస్తుంది కాబట్టి, కోబాల్ట్ నీలి కాంతిలో కొన నల్లబడినప్పుడు అది నిజమైన ఒత్తిడా, పలుచని పొర మాత్రమేనా అన్నది నేను నమ్మకంగా చెప్పలేకపోతున్నాను. ఎక్కువకాలం కొన మీద ఒరుసుకునే లెన్స్ మచ్చకు దోహదపడవచ్చు గనుక, ఈ తేడా రోగి చూపుకు సంబంధించినదని నా భావన.

మెరుపు స్పష్టంగా కనిపించేందుకు స్లిట్ ల్యాంప్‌కు (కంటిని పరీక్షించే సూక్ష్మదర్శినికి) పసుపు ఫిల్టర్ పెడుతున్నాను. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థంతో చేసిన లెన్స్ అయితే మెరుపు మందగిస్తుందనీ తెలుసు. లెన్స్ కొనను తాకకుండా స్పష్టంగా ఎడమయ్యేవరకు బేస్ కర్వ్ (లెన్స్ వెనుక వైపు వంపు) వ్యాసార్థాన్ని క్రమంగా తగ్గించి, అక్కడి నుంచి కొద్దిగా చదును చేయడమే మేలైన పద్ధతా? ట్రయల్ లెన్స్ (అమరిక చూసేందుకు పెట్టే నమూనా లెన్స్) పెట్టగానే నీరు కారే కంటికి మత్తు చుక్క వేయవచ్చా, లేక కన్నీరు కుదుటపడేవరకు ఆగాలా? మీలో అనుభవజ్ఞులు తాము పాటించే క్రమాన్ని, దానికి కారణాలను దయచేసి వివరించగలరా?