చెరువు గట్టు మీద తిరిగేవాడికి 32 రివాల్వరా, పిస్టలా? బ్యారెల్ ఎంతుండాలి?

చెరువుగట్టు (ఆకివీడు దగ్గర):
అందరికీ నమస్కారమండి. తిరగ్గా తిరగ్గా మొన్నే లైసెన్సు చేతికొచ్చింది, ఎన్‌పీబీ, అంటే మామూలు జనానికిచ్చే బోర్లే (బోరంటే గొట్టం లోపలి వెడల్పు, 32 అంటే సుమారు అంగుళంలో వందకి 32 వంతులు). పన్నెండెకరాల చెరువు, వనామీ రొయ్యలు, సీజన్లో రాత్రుళ్ళు మకాంలోనే పడుకుంటాను. పోయినేడు నలుగురు కత్తులతో వచ్చి ఏరేటర్ మోటార్లు పట్టుకుపోయారు, కాపలా కుర్రోడి చెయ్యి విరగ్గొట్టారు, అప్పట్నుంచి ఇంట్లోవాళ్ళకి నిద్దర్లేదు. ఇప్పుడేది కొనాలో తేలట్లేదు. మా బావేమో 32 పిస్టల్ అంటాడు, బావమరిది జేబులో పట్టే 22 రివాల్వర్ చాలంటాడు, నాకేమో మూడంగుళాల బ్యారెల్ ఉన్న 32 రివాల్వర్ మీద మనసుంది గానీ బండి మీద కూర్చుంటే పొట్టకి గుచ్చుకుంటుందేమోనని డౌటు. తెలిసినోళ్ళు చెప్పండి.

లంక కుర్రోడు:
ఆయ్, 9 ఎమ్ఎమ్ కొనెయ్యండి గురువుగారూ. 32 ఏంటండి, తాతల కాలం నాటి గుండు.

పాత సర్వీసు (రాజోలు):
బాబూ కుర్రోడా, 9 ఎమ్ఎమ్ నిషేధిత బోరు, 38 కూడా అంతే, కలెక్టరాఫీసులో ఇచ్చే లైసెన్సు మీద అవి రావు. అందుకే మనదేశంలో చేతి తుపాకులన్నీ 32 చుట్టూనే తిరుగుతాయి. తాతల కాలం నాటిదన్నది మాత్రం నిజమే, 32 రివాల్వర్‌లో వాడే 32 లాంగ్ తూటా 1896లో వచ్చింది. అయినా దాని ముందు నువ్వు నిలబడతావా?
చెరువుగట్టు గారూ, మీ మనసు మంచి చోటే ఉందండి. రివాల్వరే తీసుకోండి. రాత్రి రెండింటికి నిద్రమొహంతో లేచి చీకట్లో వెతుక్కునేవాడికి సేఫ్టీ మీట తీశానా, తూటా ఎక్కించడానికి పైనున్న స్లైడ్ వెనక్కి లాగానా అన్న పిస్టల్ గొడవ ఉండకూడదు. తూటా పేలకపోతే ట్రిగ్గర్ ఇంకోసారి నొక్కితే పీపా తిరిగి పక్క గదిలో తూటా ముందుకొస్తుంది, అదే పిస్టల్ అయితే రెండో చెయ్యి కావాలి, ఆ చేతిలో టార్చిలైటు ఉంటుంది మనకి.

గురి పిచ్చోడు (కాకినాడ):
మాష్టారూ మీ మీద గౌరవంతోనే చెప్తున్నానండి, ఈ రివాల్వర్ భక్తి కొంచెం ఎక్కువైంది. లెక్కలు చూద్దాం. 32 లాంగ్ తూటా 98 గ్రెయిన్ల బరువు, సెకనుకి 700 అడుగుల చిల్లర వేగం. పిస్టల్లో వాడే 32 ఏసీపీ 71 గ్రెయిన్లే గానీ 900 అడుగుల దాకా పోతుంది, దెబ్బ లెక్కలో ఏసీపీదే కొంచెం పైచేయి. పిస్టల్ పల్చగా ఉంటుంది, చొక్కా కింద కనపడదు. రివాల్వర్‌లో తూటాలుండే గుండ్రటి పీపా నడుం దగ్గర ఉబ్బెత్తుగా తెలిసిపోద్ది, ఊరంతటికీ చాటింపు వేసినట్టే.

పాత సర్వీసు:
ఆ అంకెలు ఎంత పొడుగు బ్యారెల్లో కొలిచారో కూడా చెప్పవయ్యా మరి.

గురి పిచ్చోడు:
నాలుగంగుళాల దాంట్లో, ఒప్పుకుంటున్నా. పొట్టి బ్యారెల్లో రెండూ తగ్గుతాయి.
ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. రివాల్వర్ బ్యారెల్ కొలిచేది పీపా ముందు నుంచి మూతి దాకా, పిస్టల్ బ్యారెల్ అయితే తూటా కూర్చునే గదితో కలిపి కొలుస్తారు. ఏసీపీ కేసు పొడుగు 17 ఎమ్ఎమ్, అంటే అంగుళంలో మూడింట రెండొంతులు దానికే పోయింది. మూడున్నర అంగుళాల పిస్టల్, మూడంగుళాల రివాల్వర్ పక్కపక్కన పెట్టి పిస్టలే పొడుగనుకుంటే పొరపాటు, గుండు పరిగెత్తే దూరం చూస్తే రివాల్వర్‌దే ఎక్కువ. కాకపోతే పీపాకీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి కొంత గ్యాసు బయటికి పోతుంది కాబట్టి చివరికి ఇంచుమించు సరికి సరి.

చెరువుగట్టు:
అయితే పొడుగు వల్ల లాభం లేదంటారా?

గురి పిచ్చోడు:
ఉందండి, వేగం కోసం కాదు, గురి కోసం. గురి చూసుకునే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం 100 ఎమ్ఎమ్ అనుకోండి, సైటు ఒక్క ఎమ్ఎమ్ పక్కకి పోతే పది మీటర్ల దగ్గర గుండు 10 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. అదే 150 ఎమ్ఎమ్ ఉంటే ఆరున్నర చిల్లర. వణికే చేతికి ఒక్క ఎమ్ఎమ్ ఏపాటిది చెప్పండి. బ్యారెల్ మరీ పొట్టిదైతే రాత్రిపూట మూతి దగ్గర మంట భగ్గుమని మీ కళ్ళే బైర్లు కమ్ముతాయి. ఈ ఒక్క విషయంలో మాష్టారితో నేనూ మూడంగుళాలకే ఓటు.

బావమరిది బ్యాచ్:
ఆ చెప్పిన బావమరిదిని నేనేనండి 😀 22 ఎందుకన్నానంటే తేలిక, తన్నదు, మా అక్క కూడా పట్టుకోగలదు, జేబులో ఉన్నట్టే తెలీదు. ఇంట్లో బీరువాలో ఉండే 32 కంటే జేబులో ఉండే 22 మేలు కదా.

పాత సర్వీసు:
మాట బాగానే ఉంది బాబూ, 22 తూటాకి మందు అంటుకునేది అంచులో, 32కి నడిమధ్యలో. అంచు తూటాలు తుస్సుమనేది ఎక్కువ. పైగా 22కున్న పేరంతా రైఫిల్లో వచ్చిన పేరు, రెండంగుళాల గొట్టంలో కొంత మందు బయటికొచ్చి కాలుతుంది. జేబులో పెట్టుకు తిరగడానికి తేలికైనదే కావాలంటే 32లోనే ఉందిగా, 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన నిర్భీక్, టైటానియం అల్లాయ్, అర కేజీయే. అయితే తేలిక తుపాకీ చేతిని బాగా తంతుంది, అది కూడా గుర్తుంచుకో. నన్నడిగితే 2023లో వచ్చిన ప్రబల్ చూడమంటాను. 76 ఎమ్ఎమ్ బ్యారెల్, అంటే మూడంగుళాలు, ఖాళీగా 700 గ్రాములు, పీపా పక్కకి తెరుచుకుంటుంది. పాత కాన్పూర్ రివాల్వర్లు మధ్యలోకి విరిచి తూటాలు పెట్టుకోవాలి, ఆ మడతబందు వదులైతే గోలే.

కొబ్బరిచెట్టు (అంతర్వేది వైపు):
మీరందరూ బోరు, అంగుళం అని కొట్టుకుంటున్నారు, మన గాలి సంగతెవరూ ఎత్తరేంటండి. మాది సముద్రానికి రెండు కిలోమీటర్లు. నాన్నగారి పాత 32 తోలు హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) పెట్టి బీరువాలో దాస్తే ఒక్క వానాకాలానికి బ్యారెల్ మీద ఎర్రటి పొక్కులు, తోలు చెమ్మనీ ఉప్పునీ పీల్చి దానికే అంటించింది. 2024 ఎలక్షన్లప్పుడు రూలు ప్రకారం స్టేషన్లో అప్పగించి, కౌంటింగయ్యాక తెచ్చుకుని చూస్తే పీపా తిరగలేదు. ఫ్రేము టైటానియం అయినా లోపల స్ప్రింగులు స్టీలే. అప్పగించే ముందు నూనె దట్టంగా పట్టించి, సిలికా జెల్ పొట్లాలేసి ఇవ్వండి. రివాల్వర్‌లో తుప్పు కంటికి కనపడుతుంది, పిస్టల్లో తూటాలుండే మ్యాగజైన్ లోపల స్ప్రింగు సంగతి పేలనప్పుడే తెలుస్తుంది.

గురి పిచ్చోడు:
ఇది మాత్రం కరెక్టండి. నాది ఏసీ గదిలో ఉండే పిస్టల్, నేను చెరువు గట్టు లెక్కలోకి తీసుకోలేదు. ఒక జాగ్రత్త, ఎవరి దగ్గరైనా ఏసీపీ తూటాలు మిగిలితే 32 రివాల్వర్‌లో వేసి చూడకండి. కొన్నిట్లో దూరుతుంది కూడా, కానీ ప్రెషర్ దానికి చాలా ఎక్కువ, పాత రివాల్వర్ పీపా పగిలినా పగులుద్ది. షాపులో 32 అని ఊరుకోకండి, రివాల్వర్‌కని చెప్పండి.

లంక కుర్రోడు:
అంతా అయ్యాక ఒక పిల్ల డౌటు. రొయ్యల దొంగొస్తే కాల్చొచ్చా?

పాత సర్వీసు:
వలేసి రొయ్యలు పట్టుకుపోయేవాడిని కాలిస్తే లోపల కూర్చునేది నువ్వే. ఒట్టి దొంగతనానికి ప్రాణం తీసే హక్కు చట్టం ఇవ్వదు, ప్రాణానికో పెద్ద గాయానికో నిజంగా భయముంటేనే. ఇదివరకు ఐపీసీలో ఉండేది, 2024 జులై నుంచి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో 34 నుంచి 44 దాకా సెక్షన్లు, చదువుకో. పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి కాల్చినా 2019 సవరణ తర్వాత రెండేళ్ళ దాకా జైలు, మీ లంకల్లో పెళ్ళిళ్ళు నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా.

చెరువుగట్టు:
నిన్న షాపుకెళ్ళొచ్చానండి. రెండూ చేత్తో పట్టుకుని చూశాను. చేతులు తడుపుకుని పిస్టల్ స్లైడ్ లాగబోతే రెండుసార్లు జారింది, షాపాయన నవ్వాడు గానీ గట్టు మీద నా చేతులెప్పుడు పొడిగా ఉంటాయి కనక. మా ఆవిడకైతే అసలు కదల్లేదు. మూడంగుళాల రివాల్వర్ చెప్పేశాను. 22 మీద బావమరిదికి ఇంకా ఆశ చావలేదు, ఒక లైసెన్సు మీద రెండుంచుకోవచ్చు కదా బావా అంటున్నాడు, డబ్బులు వాడిస్తాడేమో అడగాలి. ఒక్కటే మిగిలింది, నేను గట్టు మీద లుంగీలోనే ఉంటాను, హోల్‌స్టర్ దేనికి తగిలించాలండి?

కొబ్బరిచెట్టు:
తోలుది మాత్రం వద్దు.

పాత సర్వీసు:
లుంగీ మీద బెల్టు పెట్టుకోండి, మా నాన్నగారు అలాగే తిరిగేవారు. నవ్వేవాళ్ళు నవ్వుతారు.