కంప్యూటర్‌లోని దుమ్ము దులపడానికి ఇక్కడ ఏమి కొనుక్కోవాలి?

ప్రశ్న (కొత్త సభ్యుడు, ఈడెన్ ప్రయరీ)

పెద్దలందరికీ నమస్కారం. నేను కాకినాడ నుంచి మినెసోటాకు వచ్చి ఐదు నెలలు అయింది. వచ్చిన కొత్తలో, ఊరు మారిపోతున్న ఒక కుటుంబం దగ్గర పాత డెస్క్‌టాప్ ఒకటి కొనుక్కున్నాను. రెండు వారాలుగా దాన్ని ఆన్ చేసిన పది నిమిషాలకే ఫ్యాన్లు హోరెత్తిపోతున్నాయి. పక్క తలుపు తీసి చూస్తే ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు రేకుల దిమ్మకు, అదే హీట్‌సింక్‌కు, కంబళి కప్పినట్టుగా దుమ్ము పట్టి ఉంది. మా ఊళ్ళో అయితే కంప్యూటర్ షాపు కుర్రాడు బ్లోయర్ పెట్టి రెండు నిమిషాల్లో ఊది ఇచ్చేవాడు. ఇక్కడ దుకాణంలో గాలి డబ్బాలు కనిపించాయి కానీ, వాటి మీద మంట బొమ్మ చూసి వెనక్కి పెట్టేశాను. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉంది, దానితో పీల్చేయవచ్చా? నాన్నగారు వచ్చే నెల వస్తున్నారు, కాకినాడ ఇంట్లో ఉన్న బ్లోయర్‌ను తెమ్మని చెప్పవచ్చా? తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (ప్లిమత్ నుంచి)

నమస్కారం. మీ ప్రశ్న దుమ్ము గురించే అయినా, జవాబు మీ గదిలోని గాలితో మొదలవుతుంది. కాకినాడలో సముద్రపు తేమ వల్ల ఏడాది పొడవునా గాలి చెమ్మగానే ఉంటుంది కాబట్టి, షాపు కుర్రాడు చేతికి అందిన గుడ్డతో తుడిచినా, ప్లాస్టిక్ గొట్టంతో ఊదినా సాధారణంగా ఏమీ జరగదు. ఇక్కడ ఫిబ్రవరి నెలలో బయటి చల్లని గాలిలో తేమే ఉండదు, ఆ గాలినే ఇంట్లో వేడిచేసుకుంటున్నాం కాబట్టి గదిలో తేమ 20 శాతానికి అటూ ఇటూగా పడిపోతుంది. నేల మీద కార్పెట్, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు, చేతికి ఇనుప గొళ్ళెం తగలగానే చురుక్కుమనే షాకు మీకు ఇప్పటికే అనుభవమై ఉంటుంది. ఇలా రాపిడికి ఒంట్లో పోగయ్యే స్థిర విద్యుత్తు గురించి చెప్పే పుస్తకాల్లో తరచు కనిపించే పట్టిక ప్రకారం, కార్పెట్ మీద నడిచిన మనిషి ఒంట్లో చేరే వోల్టేజీ చెమ్మగాలిలో 1,500 వరకు ఉంటే, పొడిగాలిలో 35,000 వరకు పోగలదు. మన చర్మానికి షాకు తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి, కొన్ని చిప్పులు దెబ్బతినడానికి మాత్రం 100 వోల్టులు కూడా అక్కరలేదు. అంటే మనకు ఏమీ తగిలినట్టు అనిపించకుండానే కంప్యూటర్ మెమరీ చిప్పులు (ర్యామ్) పాడైపోవచ్చు. ఇక్కడ పరికరం ఎంచుకునేటప్పుడు అది దుమ్మును ఎంత బాగా లాగుతుందని చూడటం కంటే ముందు, ఈ పొడిగాలిలో అది ఎంత విద్యుత్తును పోగుచేస్తుందో చూడాలి.

ఆ లెక్కన మీ వాక్యూమ్ క్లీనర్‌ను లోపల వాడకండి. పొడి దుమ్ము ప్లాస్టిక్ గొట్టం గోడలను రాసుకుంటూ వేగంగా పోతుంటే గొట్టం మూతి దగ్గర విద్యుత్తు పోగవుతుంది, ఆ మూతినే మనం చిప్పులన్నీ అమర్చి ఉండే పెద్ద పలకకు, అంటే మదర్‌బోర్డుకు, అంగుళం దూరంలో పెడతాం. పైగా ఊడిపోయిన చిన్న స్క్రూలనూ, మదర్‌బోర్డు మీది పిన్నులను కలిపే బుల్లి జంపర్లనూ కూడా అది మింగేస్తుంది. ఎగిరిన దుమ్ము గదిలో పడకుండా పీల్చుకోవడానికి, పెట్టెకు బయట జానెడు దూరంలో గొట్టాన్ని పట్టుకుంటే మాత్రం తప్పులేదు.

గాలి డబ్బా విషయంలో మీ అనుమానం సరైనదే. పేరుకు గాలే కానీ, డబ్బాలో గాలి ఉండదు. అమెరికాలో అమ్మే చాలా డబ్బాల్లో ఉండేది డైఫ్లోరోఈథేన్ అనే వాయువు. ఒత్తిడికి ద్రవంగా మారి ఉంటుంది, సున్నాకు దిగువన 25 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. డబ్బాను పక్కకు వంచినా తలకిందులు చేసినా వాయువుకు బదులు ఆ ద్రవమే బయటికి చిమ్ముతుంది, అది చర్మం మీద పడితే మంచు కాటు వేసినట్టు గాయం చేస్తుంది. ఈ వాయువు మామూలు గాలి కంటే రెండు రెట్లకు పైగా బరువైనది కాబట్టి మూత తీసిన కేబినెట్ అడుగున గిన్నెలో నీళ్ళలా నిలిచిపోగలదు. అందుకే కంప్యూటర్ ఆన్‌లో ఉండగా దీన్ని కొట్టకూడదు, కొట్టిన వెంటనే ఆన్ చేయకూడదు, గ్యాస్ పొయ్యికీ, నిప్పుతో నడిచే హీటర్‌కూ, దేవుడి దీపానికీ దగ్గరలో వాడకూడదు. ఇవన్నీ పాటిస్తే అది మంచి పనిముట్టే: నిటారుగా పట్టుకుని, రెండు మూడు సెకన్ల చొప్పున ఊదుతూ, డబ్బా చల్లబడి ఒత్తిడి తగ్గినప్పుడు కాసేపు పక్కన పెడుతూ పనిచేయాలి. కౌంటర్ దగ్గర మిమ్మల్ని గుర్తింపు కార్డు అడిగితే కంగారుపడకండి. మత్తు కోసం దీన్ని పీల్చేవాళ్ళు ఉన్నారు కనుక చాలా దుకాణాలు వయసు చూసి గానీ అమ్మవు, పీల్చలేకుండా ఉండాలని తయారీదారులు అందులో చేదు పదార్థం కూడా కలుపుతారు. కీబోర్డు మీద కాస్త ఊదినా ఆ చేదు వేళ్ళకు అంటుకుంటుంది, చేతులు కడుక్కోకుండా అన్నం కలుపుకుంటే తెలుస్తుంది.

మీ పెట్టెలో కంబళి దట్టంగా ఉందన్నారు కాబట్టి ఒక డబ్బా దానికి చాలదు, మూడు నాలుగు కొనేకంటే కరెంటుతో గాలి ఊదే డస్టర్ మేలు. గోడ ప్లగ్గుతో నడిచే 500 వాట్ల డస్టర్ ఒకసారి కొంటే పదేళ్ళు వస్తుంది, మంట భయం ఉండదు, ద్రవం చిమ్మదు. నేను కొన్నప్పుడు దాని ధర 70 డాలర్లు. స్థిర విద్యుత్తు చేరని ముక్కుతో తయారైన రకం దొరికితే అదే తీసుకోండి, మామూలుది అయితే ముక్కును బోర్డుకు జానెడు దూరంలో ఉంచితే సరిపోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న డస్టర్ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మోటారు నిమిషానికి లక్ష సార్లు తిరుగుతుందని పెట్టె మీద రాస్తారు కానీ, కీబోర్డుకు చాలినంత గాలి హీట్‌సింక్ మధ్యదాకా చేరదు. గరాజ్‌లో టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను ఎవరైనా ఇస్తామన్నా వద్దనండి. దాని ట్యాంకులో నీరు చేరుతుంది, ఆ నీటి తుంపర, ఒక్కోసారి నూనె కూడా, గాలితో పాటే వస్తుంది.

గాలి ఏదైనా సరే, ఒక జాగ్రత్త తప్పదు: ఫ్యాన్ రెక్కలను ఊదేటప్పుడు వేలితోనో పెన్సిల్‌తోనో కదలకుండా పట్టుకోండి. గాలి తోపుకు గిర్రున తిరుగుతుంటే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ తన హద్దు దాటిన వేగంతో తిరిగితే బేరింగు పాడవుతుంది. అలా తిరిగే ఫ్యాన్ చిన్న జనరేటర్‌లా పనిచేసి మదర్‌బోర్డు వైపు వోల్టేజీని తోస్తుంది కూడా.

కుంచె తప్పకుండా కొనుక్కోండి. రంగుల దుకాణంలో దొరికే నైలాన్ కుంచె ఈ వాతావరణంలో పనికిరాదు, మేక వెంట్రుకలతో చేసిన మెత్తని కుంచె గానీ, స్థిర విద్యుత్తును పోగు చేయని కుచ్చుతో ఎలక్ట్రానిక్స్ పనికోసమే చేసిన కుంచె గానీ మంచిది. దానితో పాటు మణికట్టుకు కట్టుకునే పట్టీ ఒకటి, పది డాలర్ల లోపే వస్తుంది. దాని తీగలో పది లక్షల ఓమ్‌ల నిరోధకం ఉంటుంది కాబట్టి ఒంట్లోని విద్యుత్తు నెమ్మదిగా పోతుంది, పొరపాటున ఎక్కడైనా కరెంటు తగిలినా ఆ తీగ గుండా మనకు అపాయం రాదు. దాని క్లిప్పును కేబినెట్‌లో రంగు వేయని లోహానికే తగిలించాలి, రంగు మీద తగిలిస్తే చేతికి కంకణం కట్టుకున్నట్టే తప్ప మరే ప్రయోజనమూ ఉండదు. పట్టీ లేనివారు ఏ భాగాన్ని ముట్టుకోబోయినా ముందు అదే లోహాన్ని తాకే అలవాటు చేసుకోవాలి, కార్పెట్ మీద కాకుండా వంటగది నేల మీద నిలబడి చేయాలి.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది, ఇక్కడి వీడియోల్లో ఎవరూ చెప్పరు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి పొయ్యి మీది ఫ్యాన్ పొగను బయటికి పంపదు, ఒక జల్లెడ గుండా తిప్పి మళ్ళీ గదిలోకే వదులుతుంది. చలికాలం కిటికీలు తెరవం. రోజూ పెట్టే తాలింపు, వారానికోసారి వేయించే అప్పడాలు, పొద్దున్నే వెలిగించే అగరుబత్తి, వీటన్నిటి నూనె, మసి కలిసి కంప్యూటర్‌లోని దుమ్మును జిడ్డుగా మారుస్తాయి. మీకు అమ్మినవారూ మనవాళ్ళే అయితే, బ్లోయర్ పెట్టి ఊదినా ఒక పొర అంటుకునే ఉంటుంది. దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మందుల దుకాణంలో 70 శాతం, 91 శాతం అని రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిదానిలో నీరు ఎక్కువ కాబట్టి బోర్డు దగ్గర వాడకండి, సువాసన కోసమో రంగు కోసమో ఏదైనా కలిపినవి అసలు వద్దు. 91 శాతం గానీ, దొరికితే 99 శాతం గానీ తెచ్చి, దూది పుల్లకు కాస్త అద్ది ఫ్యాన్ రెక్కలనూ, హీట్‌సింక్ అంచులనూ తుడవండి. అదీ మండేదే, పూర్తిగా ఆరిన తర్వాతే కరెంటు ఇవ్వాలి.

మొదలుపెట్టే ముందు ప్లగ్గు తీసేసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు పోతుంది. గోడ కరెంటును లోపలి భాగాలకు అందించే పవర్ సప్లై డబ్బా స్క్రూలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా దానిలో విద్యుత్తును నిల్వ ఉంచుకునే కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండవచ్చు, దానిలోని దుమ్మును బయటి జాలీ నుంచే ఊదాలి.

జవాబు (ఈగన్ నుంచి)

పైవారు చెప్పినదానికి బ్లోయర్ గురించి నా అనుభవం కలుపుతాను. పెళ్ళై వచ్చిన ఏడాది మా అన్నయ్య విజయవాడ నుంచి మంచి బ్లోయర్ పట్టుకొచ్చాడు. అక్కడి కరెంటు 230 వోల్టులు, ఇక్కడిది 120 వోల్టులు. ప్లగ్గు మార్చి పెడితే అది ముసలాయన ఉస్సురన్నట్టు ఊదింది తప్ప దుమ్ము కదల్లేదు. వోల్టేజీని పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొందామంటే దాని బరువు, ధర చూసి మానేశాను. ఇక్కడి డస్టర్‌ను ఊరికి తీసుకెళ్ళడం అంతకంటే ప్రమాదం, అక్కడ ప్లగ్గు పెట్టిన క్షణాల్లో మోటారు కాలిపోతుంది. కాబట్టి నాన్నగారి సూట్‌కేసులో ఆవకాయకు చోటు ఉంచండి. గాలి డబ్బాలను కూడా విమానంలో చేతి సంచిలోనూ, పెద్ద పెట్టెలోనూ పెట్టనివ్వరు.

ఇంకొకటి, పని గదిలో చేసేట్టయితే పైన పొగ అలారం ఎక్కడుందో చూసుకోండి. ఎగిరిన దుమ్ముకు అది మోగుతుంది. మా భవనంలో రాత్రి పది గంటలకు నేను చేసిన ఆ ఘనకార్యం వల్ల పసిపిల్లలతో సహా మా అంతస్తులోని నాలుగు కుటుంబాలు మెట్ల మీదికి వచ్చేశాయి.

ప్రశ్న (కొత్త సభ్యుడు)

అన్నగారికీ, అక్కగారికీ కృతజ్ఞతలు. డస్టర్, కుంచె, పట్టీ, ఆల్కహాల్ తెప్పిస్తున్నాను. మరి రెండు సందేహాలు. అలారం గొడవ లేకుండా బాల్కనీలో చేసుకోవచ్చా, ఈ వారం బయట సున్నాకు దిగువన 15 డిగ్రీలు ఉంది. ఆఫీసువాళ్ళు ఇచ్చిన ల్యాప్‌టాప్ కూడా వేడెక్కుతోంది, అడుగు పలక విప్పి దాన్నీ శుభ్రం చేయవచ్చా?

జవాబు (ప్లిమత్ నుంచి)

బాల్కనీలో చేయవచ్చు, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. అసలు చిక్కు తిరిగి లోపలికి తెచ్చినప్పుడు ఉంటుంది. పది నిమిషాలకే లోహం బాగా చల్లబడుతుంది, వెచ్చని గదిలోని తేమ, అందునా పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే, ఆ చల్లని బోర్డు మీద మంచినీళ్ళ గ్లాసు మీద పట్టినట్టు చెమ్మగా పడుతుంది. లోపలికి తెచ్చాక మూడు నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా ప్లగ్గు పెట్టకుండా వదిలేయండి. నా మట్టుకు నేను ఇంత చలిలో బయటికి పోను, స్నానాల గదిలో తలుపు వేసి, ఫ్యాన్ నడిపించి చేస్తాను. అక్కడ కార్పెట్ ఉండదు, దుమ్మును తడిగుడ్డతో తుడిచేయవచ్చు.

ఆఫీసు ల్యాప్‌టాప్ మీది కాదు కాబట్టి విప్పకండి, వాళ్ళ ఐటీ విభాగానికి రాయండి. మీకు సొంత ల్యాప్‌టాప్ ఉంటే అది వేరే సంగతి. మూత విప్పితే వారంటీ పోతుందని చీటీ అంటించి భయపెట్టడం ఈ దేశంలో చెల్లదు, 1975 నాటి వారంటీ చట్టాన్ని గుర్తుచేస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో కొన్ని కంపెనీలకు హెచ్చరిక లేఖలు కూడా పంపింది. అయితే విప్పేటప్పుడు మనం విరగ్గొట్టినదానికి వాళ్ళ బాధ్యత ఉండదు. డెస్క్‌టాప్‌కు రెండో నంబరు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ ఒక్కటి చాలు, ల్యాప్‌టాప్‌కు సున్నా, రెండు సున్నాల నంబర్లు కావాలి, మ్యాక్‌బుక్ అయితే ఐదు రేకుల పువ్వులాంటి తలకు సరిపోయే ప్రత్యేక రకం కావాలి. సరిపోని దానితో తిప్పితే స్క్రూ తల అరిగిపోయి, తర్వాత ఎవరి చేతికీ లొంగదు.

కేబినెట్ ముందువైపు లాగితే ఊడివచ్చే జాలీ ఉందేమో చూడండి. ఉంటే దాన్ని కుళాయి కింద కడిగి, బాగా ఆరబెట్టి పెట్టుకోవచ్చు, నెలకోసారి అది చేస్తే లోపల మళ్ళీ కంబళి కట్టదు. పెట్టెను కార్పెట్ మీద నుంచి తీసి ఏదైనా పీట మీద పెట్టండి. ఎప్పుడైనా గాలి డబ్బా కొని సగం వాడితే, దాన్ని మామూలు చెత్తలో వేయకుండా మీ కౌంటీవాళ్ళు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి, ఖాళీ అయిందనుకుని కన్నం మాత్రం పెట్టకండి.